ఆక్టేవియా డీజిల్‌కి గట్టి క్లచ్: ఎంత గట్టిది కావాలి?

బండి స్కోడా ఆక్టేవియా 2.0 టీడీఐ, 2015 మోడల్, 6 గేర్ల మాన్యువల్. కంపెనీ నుంచి వచ్చినప్పుడు 143 పీఎస్ పవర్, 320 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్ల) టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం. ఓనర్ ఉండేది నిజాంపేటలో, ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. పొద్దున జేఎన్‌టీయూ, హైటెక్ సిటీ మీదుగా వెళ్లడం, రాత్రి అదే దారిన రావడం. శని, ఆదివారాల్లో వీలైతే ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి వికారాబాద్ వైపు వెళ్లొస్తారు. క్లచ్ ఎంచుకునేటప్పుడు మా వర్క్‌షాప్‌లో మేం ముందు రాసుకునేది పవర్ లెక్క కాదు, ఈ దారి లెక్క. ఈ బండిలో క్లచ్ పడే శ్రమ దాదాపు అంతా ఫస్ట్, సెకండ్ గేర్లలోనే, అదీ అడుగులో అడుగు వేస్తూ పాకే ట్రాఫిక్‌లోనే.

బండి మా దగ్గరికి వచ్చేసరికి క్లచ్ జారడం లేదు. ఆయన బాధ వేరు. "అన్నా, స్లిప్ కావడమైతే పోయింది. కానీ బండి నడపబుద్ధి అయితలేదు. సిగ్నల్ దగ్గర కదిలించిన ప్రతిసారీ బండంతా గడగడా ఊగుతుంది. మా ఆవిడ తాళాలు ముట్టుకోవడమే మానేసింది" అన్నారు.

జరిగింది ఇదీ. ఇంజిన్‌కి రీమ్యాప్ చేయించారు, అంటే పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ (మ్యాప్) మార్పించారు. డైనో (పవర్, టార్క్ కొలిచే యంత్రం) మీద 385 ఎన్‌ఎం వచ్చింది. కొన్ని నెలలకు ఐదో గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తోంది గానీ బండి అందుకోవడం లేదు. ఒక వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే, "పవర్ పెంచారు కదా, స్టేజ్ 3 వేసేద్దాం, ఇక జీవితంలో జారదు" అని ఆరు బిళ్లల సిరామిక్ ప్లేటు, దాన్ని ఫ్లైవీల్‌కి నొక్కిపట్టే బాగా గట్టి ప్రెషర్ ప్లేటు వేసి, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులున్న రెండు భాగాల చక్రం) తీసేసి సింగిల్ మాస్ (ఒకే ముక్కది) బిగించారు. జారడం ఆ రోజుతోనే ఆగిపోయింది. ఇబ్బందులు మొదలైందీ ఆ రోజే.

సెల్లార్ ర్యాంప్ మీద

ఇలాంటి బండిని ముందు ఖాళీ రోడ్డు మీద నడిపి చూస్తే పెద్దగా ఏమీ తెలియదు. వేగం అందుకున్నాక ఏ క్లచ్ అయినా ఒకటే. అందుకే ఆయన అపార్ట్‌మెంట్‌కే వెళ్లాం. హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లకు ఉన్నట్టే అక్కడా నిటారుగా ఉండే సెల్లార్ ర్యాంప్, పైన సన్నటి మలుపు. ఆయన పార్కింగ్ ఉన్న చోటి నుంచి రివర్స్‌లోనే పైకి రావాలి. క్లచ్‌కి ఇంతకన్నా పెద్ద పరీక్ష నాకు తెలిసి ఇంకోటి లేదు. రివర్స్ గేరు, ఎత్తు, వెనక గోడ, నిదానంగా అంగుళం అంగుళం జరగాలి.

ఆ సిరామిక్ ప్లేటుతో అంగుళం అంగుళం అన్న మాటే లేదు. పెడల్‌లో పట్టు దొరికే చోటు వేలి మందం కూడా లేదు. మెల్లగా వదిలితే ముందు బానెట్ ఊగడం, తర్వాత సీట్లు, తర్వాత అద్దాలు. భయపడి ఇంకాస్త వదిలితే ఇంజిన్ ఆగిపోతుంది. ఆగకుండా ఉండాలని ఆయన అలవాటుగా 2,000 ఆర్‌పీఎం దాకా లేపుతున్నారు. పెడల్ మీద స్ప్రింగ్ త్రాసు పెట్టి నొక్కితే 19 కిలోలు చూపించింది. ఇదే మోడల్ స్టాక్ బండ్లలో మా త్రాసు 11, 12 కిలోల దగ్గర ఆగుతుంది. రోజుకు రెండు గంటల ట్రాఫిక్‌లో ఆ తేడా మోకాలికి బాగా తెలుస్తుంది.

ఆ 2,000 ఆర్‌పీఎం విషయం వివరంగా చెప్పాలి. బండిని నిలబడిన చోటి నుంచి కదిలించేటప్పుడు క్లచ్‌లో పుట్టే వేడి, ఇంజిన్ ఏ ఆర్‌పీఎంలో ఉందో దాని వర్గంతో పెరుగుతుంది. 1,000 దగ్గర వదిలేవాళ్లు 2,000 దగ్గర వదిలితే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. డీజిల్ ఇంజిన్‌కి ఉన్న పెద్ద సుఖం ఐడిల్‌కి కాస్త పైనే బండిని లాగగలగడం. ఆ సుఖాన్ని పోగొట్టేలా గరుకుగా పట్టే ప్లేటు వేస్తే, ఎంత వేడినైనా తట్టుకుంటుందని వేసిన ప్లేటే ఎక్కువ వేడి పుట్టిస్తుంది.

గేర్‌బాక్స్ దించాక

విప్పి చూస్తే ఫ్లైవీల్ ముఖం మీద బిళ్లలు తిరిగిన చోట వలయంలా గాడి పడి ఉంది. గోరు పెట్టి గీస్తే అంచు తగులుతోంది. మధ్య మధ్య నీలం మచ్చలు, అంటే అక్కడ ఇనుము కాలిపోయేంత వేడెక్కింది. ఇది ఏళ్ల తరబడి తిరిగిన కిట్ కాదు. క్రాంక్ వెనక సీల్ పొడిగా ఉంది, అంటే ఇంజిన్ ఆయిల్ కారడం లేదు, మంచిదే. రిలీజ్ బేరింగ్‌తో కలిసి ఉండే స్లేవ్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడిపించేది) మాత్రం చెమ్మగా ఉంది. ఈ బండిలో అది గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు తొడుగు (బెల్ హౌసింగ్) లోపల ఉంటుంది, బయట నుంచి కనబడదు. గేర్‌బాక్స్ ఆయిల్ దించితే మ్యాగ్నెట్‌కి మెత్తటి పొడి తప్ప ముక్కలేమీ లేవు.

మాకు అసలు దారి చూపించింది ఇది కాదు. ఓనర్ సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి రెండు మంచి పనులు చేశారు. తీసేసిన స్టాక్ క్లచ్, పాత డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ గోనె సంచిలో కట్టి దాచిపెట్టారు. జారుతున్న రోజుల్లో బండి కంప్యూటర్ నుంచి ఫోన్‌లో తీసిన ఓబీడీ లాగ్‌లు (ఆర్‌పీఎం, వేగం లాంటి రికార్డులు) కూడా అలాగే ఉంచారు.

పాత ప్లేటు మీద రివెట్ తలలకు పైన లైనింగ్ (రాపిడికి పట్టుకునే పొర) ఇంకా మిల్లీమీటరుకు మించి మిగిలి ఉంది. అరిగిపోలేదన్నమాట. కానీ ముఖం అద్దంలా నున్నగా మెరుస్తోంది, ముక్కు దగ్గర పెడితే కాలిన వాసన.

లాగ్ ఇంకా స్పష్టంగా చెప్పింది. క్లచ్ గట్టిగా పట్టుకుని ఉంటే ఒకే గేర్‌లో ఆర్‌పీఎంకీ వేగానికీ ఉండే నిష్పత్తి మారకూడదు. ఈ బండి ఐదో గేర్‌లో గంటకు ఒక కిలోమీటరుకు దాదాపు 25 ఆర్‌పీఎం. వరసగా నాలుగైదు సార్లు లాగి చూసిన లాగ్‌లో మొదటిసారి ఆ 25 చెక్కుచెదరలేదు. మూడోసారి నుంచి 1,900 ఆర్‌పీఎంకీ 2,600 ఆర్‌పీఎంకీ మధ్య అది 28, 31 దాకా పాకి, పైకి వెళ్లాక మళ్లీ 25కి వచ్చి కూర్చుంది.

నా దృష్టిలో ఈ కేసంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. చల్లగా ఉన్నప్పుడు స్టాక్ క్లచ్ 385 ఎన్‌ఎం మోసింది. వేడెక్కినప్పుడు మాత్రమే, అదీ టర్బో ఒక్కసారిగా ఊపందుకునే ఆ 700 ఆర్‌పీఎం మేరకే చాలలేదు. అంటే కొరత కొంచెమే. ఆ కొంచెం కొరతకు అవసరానికి దాదాపు రెట్టింపు పట్టే సిరామిక్ వేశారు.

లెక్క

ఒక క్లచ్ ఎంత టార్క్ పట్టుకుంటుందో తేల్చే లెక్క చిన్నదే. ఘర్షణ గుణకం, ప్రెషర్ ప్లేటు నొక్కే బలం, లైనింగ్ సగటు వ్యాసార్థం, రాపిడి ముఖాల సంఖ్య, ఈ నాలుగింటినీ గుణిస్తే చాలు. మామూలు ప్లేటుకు ముఖాలు రెండు. 240 మి.మీ. ప్లేటులో లైనింగ్ లోపలి వ్యాసం 155 మి.మీ. అనుకుంటే సగటు వ్యాసార్థం 99 మి.మీ.కి దగ్గర. ఆర్గానిక్ లైనింగ్ (మామూలు స్టాక్ క్లచ్‌లలో ఉండే రకం) గుణకం 0.30 అనుకుందాం. 6,750 న్యూటన్ల బలంతో నొక్కితే 400 ఎన్‌ఎం వస్తుంది. స్టాక్ క్లచ్‌ని కంపెనీ ఇంజిన్ టార్క్ మీద పాతిక శాతం వరకు మిగులు పెట్టి తయారు చేసిందనుకుంటే 320కి ఇదే అంకె.

ఇప్పుడు వేడి సంగతి. లైనింగ్ బాగా కాగితే ఆ 0.30 కాస్తా 0.24కి పడిందనుకోండి, 400 కాస్తా 320 అవుతుంది. 385 ఎలా మోస్తుంది? మన లాగ్ చెప్పినట్టే జారుతుంది.

కొత్త క్లచ్‌కి కావాల్సింది కూడా ఈ లెక్కలోనే దొరుకుతుంది. అదే సైజు ఆర్గానిక్ ప్లేటు, నొక్కే బలం మాత్రం 20 శాతం పెంచి 8,100 న్యూటన్లు. చల్లగా 480 ఎన్‌ఎం, బాగా కాగినప్పుడు 384. రీమ్యాప్ టార్క్ 385. అంచు మీద నిలబడ్డట్టే ఉంది కదా. ఇక్కడే చాలామంది ఇంకా గట్టి క్లచ్ వైపు చూస్తారు. మేం మ్యాప్ వైపు చూశాం.

డీజిల్ రీమ్యాప్‌లలో తరచుగా కనబడే జబ్బు ఏంటంటే, టార్క్ అంతా 1,900 ఆర్‌పీఎం దగ్గరే ఒక్క తోపుగా కుమ్మరిస్తారు. టెస్ట్ డ్రైవ్‌లో వీపు సీటుకి అతుక్కుంటే కస్టమర్‌కి సంతోషం. కానీ తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ టార్క్ అంటే క్లచ్‌కీ, ఫ్లైవీల్‌కీ, పిస్టన్ రాడ్‌లకీ అన్నిటికీ దెబ్బే. ట్యూనర్‌తో (రీమ్యాప్ చేసే మనిషితో) కూర్చుని ఆ టార్క్ వంపు మార్పించాం. 1,900 దగ్గర 340 ఎన్‌ఎం, అక్కడి నుంచి నిదానంగా ఎక్కి 2,400 దగ్గర 370. పైన పవర్ 178 పీఎస్ అలాగే ఉంచాం. ఓనర్‌కి పికప్ పోతుందేమోనని టెన్షన్. ఓవర్‌టేక్ చేసేటప్పుడు బండి తిరిగేది 2,500 పైనే కాబట్టి అక్కడ పోయింది దాదాపు ఏమీ లేదు. ఇది ఆయన కొత్త మ్యాప్‌తో ఓఆర్‌ఆర్ మీద చూసుకుని ఒప్పుకున్నారు.

గేర్‌బాక్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దీన్ని ఎంక్యూ350 అంటారు. ఆ 350 అనేది దానికి కంపెనీ పెట్టుకున్న టార్క్ స్థాయి, ఎన్‌ఎంలలో. 370 అంటే ఇప్పటికే కాస్త మీద ఉన్నాం. క్లచ్ ఎక్కడా జారకుండా 700 ఎన్‌ఎం పట్టేదైతే, గబుక్కున వదిలినప్పుడు పడే కుదుపంతా గేర్ల మీద, డ్రైవ్ షాఫ్టుల మీద పడుతుంది. ఇంట్లో ఫ్యూజు దగ్గర లావు తీగ చుట్టినట్టే, క్లచ్ దగ్గర ఆగాల్సింది లోపలికి పోతుంది. గేర్‌బాక్స్ రిపేర్ బిల్లు ముందు క్లచ్ బిల్లు ఏ మూలకీ రాదు.

ఏవి వద్దనుకున్నాం, ఎందుకు

ముందుగా స్టేజ్ 1, 2, 3 అనే మాటలను పక్కన పెట్టండి. దానికి అందరూ ఒప్పుకున్న కొలమానం ఏదీ లేదు. ఒక కంపెనీ స్టేజ్ 2 ఇంకో కంపెనీ స్టేజ్ 1 కన్నా బలహీనం కావచ్చు. అడగాల్సింది ఎన్‌ఎం అంకె, లైనింగ్ దేంతో చేశారు, ప్లేటు మధ్యభాగంలో (హబ్‌లో) స్ప్రింగులు ఉన్నాయా, లైనింగుల మధ్య కుషన్ ఉందా అన్నవే.

ఈ కుషన్ గురించి షాపుల్లో అడిగేవాళ్లు తక్కువ. మామూలు ప్లేటు రెండు లైనింగుల మధ్య అలల్లా వంపు తిరిగిన సన్నటి స్టీల్ రేకులు ఉంటాయి. పెడల్ వదులుతుంటే ముందు అవి నొక్కుకుని, ఆ తర్వాతే పూర్తి పట్టు వస్తుంది. మనం హాఫ్ క్లచ్ అనే ఆ మెత్తటి చోటంతా ఈ రేకుల పుణ్యమే. బిళ్లల ప్లేట్లలో చాలావాటికి ఇవి ఉండవు. పైగా సిరామిక్‌కి జారుడు తగ్గేకొద్దీ పట్టు పెరిగే గుణం ఉంది. పట్టుకుని వదిలి, పట్టుకుని వదిలి, అదే జడ్డర్. దాన్ని పెడల్ నేర్పుతో కొంత తగ్గించవచ్చు గానీ పోగొట్టలేం. ట్రాక్ బండికి ఇది లెక్కలోకి రాదు, అక్కడ రోజుకు పది సార్లు కదిలిస్తారు. కూకట్‌పల్లిలో పది సార్లు ఒక్క సిగ్నల్‌కే కదిలిస్తాం.

కెవ్లార్ (గట్టి కృత్రిమ నారతో చేసిన) లైనింగ్ మీద మాకు కొంచెం ఆశ ఉండింది. మెత్తగా పడుతుంది, చాలా కాలం అరగదు. కానీ ఒక్కసారి బాగా కాలిస్తే ముఖం గాజులా మారి మళ్లీ కోలుకోవడం కష్టం. ఇంట్లో ఇద్దరు నడిపే బండి, సెల్లార్ ర్యాంప్, మే నెల ఎండ. వద్దనుకున్నాం. ట్విన్ ప్లేటు అయితే రాపిడి ముఖాలు నాలుగు కాబట్టి అంతే బలంతో రెట్టింపు టార్క్ పడుతుంది, పెడల్ తేలిగ్గా ఉంటుంది. ఖరీదెక్కువ, చప్పుడెక్కువ, ఈ టార్క్‌కి అవసరమే లేదు.

మ్యాప్‌ని 340 దగ్గర ఆపి కొత్త స్టాక్ క్లచ్ వేయడం కూడా మంచి దారే. జారడం మొదలైన రోజునే వచ్చి ఉంటే అదే చెప్పేవాణ్ని. రెండోసారి గేర్‌బాక్స్ దించిన మనిషికి మూడోసారి ఆ అవసరం రాకూడదని కాస్త మిగులున్నది తీసుకున్నాం.

అలా 480 ఎన్‌ఎం అని కంపెనీ రాసిచ్చిన కిట్ వచ్చింది. ఆర్గానిక్ లైనింగ్, స్ప్రింగ్ హబ్, కుషన్ ఉన్న ప్లేటు, గట్టి ప్రెషర్ ప్లేటు.

ఫ్లైవీల్ మీద వాదన ఎక్కువ జరిగింది. "డ్యూయల్ మాస్ అంటే మళ్లీ పోతుంది గదన్నా, ఉన్నదే ఉంచుదాం" అన్నారు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కో తిరుగుడుకి రెండుసార్లు పేలుతుంది. 800 ఆర్‌పీఎం ఐడిల్‌లో సెకనుకు దాదాపు 27 కుదుపులు. డీజిల్‌లో ఆ కుదుపులు పెద్దవి. డ్యూయల్ మాస్‌లో లోపల వంపు స్ప్రింగులు వాటిని మింగేస్తాయి. సింగిల్ మాస్‌లో అవి నేరుగా గేర్లకు చేరతాయి. న్యూట్రల్‌లో పెడల్ వదిలితే ఈ బండి గేర్‌బాక్స్‌లో గులకరాళ్లు వేసి ఊపినట్టు వినబడిన చప్పుడు అదే. తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ కుమ్మరించడమే డ్యూయల్ మాస్‌ని ఎక్కువగా తినేది, దాన్ని మ్యాప్‌లో ఆపాం కదా అని చెప్పి ఒప్పించాం. గోనె సంచిలోది మాత్రం పనికిరాలేదు. చేత్తో తిప్పితే ఆడే కదలిక హద్దు దాటింది, అంచున గ్రీజు కారిన మరకలున్నాయి. కొత్తది కొనాల్సి వచ్చింది. బిల్లులో అదే పెద్ద పద్దు. మొత్తం లక్షన్నరకు దగ్గరగా తేలింది.

బిగింపు, అలవాటు చేయడం

బిగింపులో అందరికీ తెలిసినవి వదిలేస్తాను. ఫ్లైవీల్ బోల్టులు ఒకసారి సాగేవి కాబట్టి కొత్తవే వాడాలి, 60 ఎన్‌ఎం బిగించి ఆపైన 90 డిగ్రీలు తిప్పాలి. కొత్త ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్ల ముఖాల మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె పొర ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో గుడ్డకు మరక అంటనంత దాకా తుడవాలి. గేర్‌బాక్స్ షాఫ్టు పళ్లకు గ్రీజు పల్చగా రాసి, ప్లేటుని ముందుకూ వెనక్కూ రెండుసార్లు జరిపి, బయటికొచ్చిన గ్రీజు తుడిచేయాలి. అది వదిలేస్తే ఎగిరి లైనింగ్ మీదే పడుతుంది. చెమ్మగా ఉన్న స్లేవ్ సిలిండర్ మార్చాం. ఇరవై వేల బాధ తప్పించుకోవడానికి రెండు వేలు వెనకాడకూడదని మామూలుగా అంటాం గానీ, ఈ సిలిండర్ అంత చవకా కాదు. అయినా దానికోసం మళ్లీ గేర్‌బాక్స్ దించే కన్నా నయం.

కొత్త క్లచ్‌ని 800 కిలోమీటర్లు మెత్తగా నడపమన్నాం. ఆ కిలోమీటర్లు సిటీలోవే అయి ఉండాలి. లైనింగ్, ఫ్లైవీల్ ముఖాలు ఒకదానికొకటి కుదరాలంటే క్లచ్ పట్టుకోవడం, వదలడం వేల సార్లు జరగాలి. ఓఆర్‌ఆర్ చుట్టూ 158 కిలోమీటర్లు తిరిగొచ్చినా క్లచ్ పని చేసేది పట్టుమని పది సార్లు. నిజాంపేట నుంచి నానక్‌రామ్‌గూడ దారి దీనికి అచ్చంగా సరిపోతుంది. ఆ రోజుల్లో రీమ్యాప్ తీసేసి 320 ఎన్‌ఎం స్టాక్ మ్యాప్ పెట్టి పంపాం. కస్టమర్ మాట మీద ఎంత నమ్మకమున్నా, కాలు ఒకోసారి ఆగదు.

ఇప్పుడు బండి ఎలా ఉంది

పెడల్ 14 కిలోలు. స్టాక్ కన్నా కాస్త బరువు, వారానికి అలవాటైపోయింది. సెల్లార్ ర్యాంప్ మీద 1,100 ఆర్‌పీఎంతో రివర్స్‌లో ఎక్కుతోంది, మలుపు దగ్గర ఆపి మళ్లీ కదిలించినా ఊగడం లేదు. ఐడిల్‌లో చప్పుడు పోయింది. ఆయన భార్య మళ్లీ నడుపుతున్నారు.

రీమ్యాప్ తిరిగి పెట్టాక జారుతుందో లేదో రోడ్డు మీద కాకుండా డైనో మీదే చూశాం. ఐదో గేర్‌లో ఒకదాని వెనక ఒకటి లాగుతూ, మధ్యలో చల్లారనివ్వకుండా. నిష్పత్తి 25 దగ్గర కదల్లేదు. 12,000 కిలోమీటర్లు తిరిగాక మే నెలలో మళ్లీ అదే పరీక్ష చేశాం, అదే అంకె వచ్చింది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆర్‌సీ వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. క్లచ్‌తో ఆ గొడవ ఉండదు గానీ, పవర్ పెంచిన సంగతి ఇన్సూరెన్స్ వాళ్లతో ముందే మాట్లాడుకోమని రీమ్యాప్‌తో వచ్చే ప్రతివాళ్లకీ చెప్తాను. ఈయనకీ చెప్పాను.

ఒక చిన్న లోపం మిగిలింది. వానాకాలంలో రాత్రంతా బయట తడిసి నిలబడితే పొద్దున మొదటి రెండు మూడు సార్లు కదిలించేటప్పుడు సన్నగా వణుకుతుంది, ఆ తర్వాత మాయమవుతుంది. ఫ్లైవీల్ ముఖం మీద చెమ్మకు పట్టే పల్చటి తుప్పు పొర అది, ఆర్గానిక్ ప్లేట్లలో మామూలే, దానికోసం ఏమీ విప్పం. డాట్ 4 ఆయిల్ మాత్రం రెండేళ్లకోసారి మార్చాలి. ఈ బండిలో బ్రేకుకీ క్లచ్‌కీ డబ్బా ఒకటే, అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. వచ్చే సర్వీసులో ఆ పని ఉంది, అప్పుడే లాగ్ కూడా ఇంకోసారి తీస్తాం.